చలి విప్పి చూపిన నత్రజని చక్రం

1903 డిసెంబరులో కెప్టెన్ రాబర్ట్ స్కాట్ ఇద్దరు తోడివాళ్లతో కలిసి అంటార్కిటికాలో ఒక హిమానీనదం మీదుగా దిగి వస్తుంటే, ఎదురుగా మంచే లేని లోయ కనిపించింది. ఖండమంతా కిలోమీటర్ల మందాన మంచు కప్పుకుని ఉంటే, ఇక్కడ మాత్రం బండరాళ్లు, ఇసుక, గులకరాళ్లు, అక్కడక్కడ గడ్డకట్టిన చెరువులు. ఎప్పుడో దారితప్పి వచ్చి చచ్చిపోయిన సీల్ ఎముకలు తప్ప జీవమన్న జాడ లేదు. నాచు కూడా కనబడలేదని, అది మృతుల లోయేనని స్కాట్ నమ్మాడు.

ఆ లోయను ఇప్పుడు టేలర్ లోయ అంటున్నారు. మెక్‌మర్డో పొడి లోయలు అని పిలిచే సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో అదొకటి. ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దరిదాపు. వాన పడదు. పడే కాస్త మంచు కూడా చాలావరకు కరగకుండానే గాలికి ఆవిరైపోతుంది. వేసవిలో నాలుగు నుంచి పది వారాలపాటు హిమానీనదాల అంచులు కరిగి సన్నని వాగులు పారతాయి. ఆ వాగుల గట్టున, నీరు తాకీ తాకనట్టుండే చోట, రాళ్లకు అంటుకుని ఎండి నల్లబడ్డ పొరలు ఉంటాయి. చూస్తే చెత్త అనుకుంటాం. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. నాస్టాక్ అనే జీవి అల్లిన చాప అది. మన వరి మళ్లలో, వాన కురిసిన చవిటి నేలల్లో జిగురుగా తేలే నీలి ఆకుపచ్చ నాచు కూడా ఈ జాతిదే. గాలిలోని నత్రజనిని పట్టి తిండిగా మార్చుకోవడం దాని పని. మైనస్ 20 లోయలోనూ చేసేది ఆ పనే.

చలిలో జీవం ఉందా లేదా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. ఉందని ఎప్పుడో తేలింది. నాకు అంతకంటే ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. వెచ్చని నేలలో నత్రజని చక్రంలోని పనులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒకే పిడికెడు మట్టిలో, ఒకే గంటలో జరిగిపోతాయి. ఏది ఎవరు చేశారో విడదీయడం కష్టం. గడ్డకట్టే చోట్ల ఆ పనులు విడివిడిగా దొరుకుతాయి. ఒకచోట ఒక మెట్టు ఉంటుంది, తర్వాతి మెట్టు ఉండదు. మరోచోట ఏ మెట్టు మీద ఎవరున్నారో పేరుపేరునా లెక్క తేలుతుంది. చలి ఈ చక్రాన్ని ఆపలేదు, విప్పి పరిచింది.

ముందుగా చక్రం సంగతి. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. మన కండకు, మొక్క ఆకుకు, ప్రతి కణంలోని డీఎన్‌ఏకు అది కావాలి. అయినా ఆ గాలిని మనమూ వాడుకోలేం, మొక్కలూ వాడుకోలేవు. ఎందుకంటే గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి జతకట్టి ఉంటాయి. ఆ జంట మధ్య మూడు బంధాలు. రసాయన శాస్త్రానికి తెలిసిన అతి గట్టి ముడుల్లో అదొకటి. యూరియా ఫ్యాక్టరీలో ఆ ముడి విప్పాలంటే 400 డిగ్రీలకు పైగా వేడి, వాతావరణ పీడనానికి 150 రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. ఫ్రిట్జ్ హేబర్, కార్ల్ బాష్ అనే జర్మన్లు 20వ శతాబ్దం మొదట్లో ఈ పద్ధతి కనిపెట్టేదాకా ఆ ముడి విప్పినవి ప్రధానంగా పిడుగులు, కొన్ని బ్యాక్టీరియాలే.

బ్యాక్టీరియా ఈ పనిని వేడీ ఒత్తిడీ లేకుండా నైట్రోజినేజ్ అనే ఎంజైముతో చేస్తుంది. కంది, పెసర వేర్ల బుడిపెల్లో జరిగేది అదే. 1888లో డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైయరింక్ ఆ బుడిపెల్లోంచి బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. అయితే ఈ పనికి ఖర్చు చాలా ఎక్కువ. ఒక్క నత్రజని జంటను విడగొట్టి అమ్మోనియా చేయడానికి కణం తన శక్తి నాణేలైన ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చుపెట్టాలి. పైగా ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైము పాడైపోతుంది.

అమ్మోనియా తయారయ్యాక మరో జట్టు వస్తుంది. కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికి అదే జీవనాధారం. మనం అన్నం తిని శక్తి తెచ్చుకున్నట్టు అవి అమ్మోనియాను ఆక్సిజన్‌తో కలిపి శక్తి తెచ్చుకుంటాయి. ఎండ అక్కర్లేదు, చక్కెర అక్కర్లేదు. ఇలాంటి బతుకు కూడా ఒకటుందని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త చూపించాడు. దీన్ని నత్రీకరణ అంటారు. ఆక్సిజన్ అందని చోట వేరే బ్యాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు ఆ నైట్రేట్‌తోనే శ్వాసిస్తాయి. దాన్ని మెట్టు మెట్టుగా నైట్రైట్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్, చివరికి మామూలు నత్రజని వాయువుగా మార్చి గాలికి తిరిగి ఇచ్చేస్తాయి. ఇది వినత్రీకరణ. ఇక్కడ నైట్రస్ ఆక్సైడ్‌ను గుర్తుపెట్టుకోవాలి. చివరి మెట్టు ఎక్కకుండా ఆగిపోతే బయటికొచ్చే వాయువు అది. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు బలమైనది.

ఇన్ని పనులూ ఎంజైములు చేసేవే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే రసాయన చర్యల వేగం మామూలుగా సగానికో మూడో వంతుకో పడిపోతుంది. గడ్డకట్టే నీటిలో కణానికి ఉన్న మొదటి చిక్కు ఇది. రెండోది పొర. కణాన్ని చుట్టి ఉండే పొర కొవ్వుతో చేసింది. సంక్రాంతి చలికి నెయ్యి సీసాలో గడ్డకడుతుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం కారుతూనే ఉంటుంది. కొవ్వు అణువుల్లో వంకరలు ఎక్కువుంటే అవి దగ్గర దగ్గరగా పేరుకోలేవు, అందుకే నూనె కారుతుంది. చలి బ్యాక్టీరియా చేసేదీ అదే. తన పొరలో వంకర కొవ్వులను పెంచుకుంటుంది. పొర బిగుసుకుపోతే దాంట్లోంచి తిండి లోపలికి రాదు, చెత్త బయటికి పోదు. ఇక ఎంజైముల విషయానికొస్తే, చలి జీవుల ఎంజైములు మన ఎంజైముల కంటే వదులుగా, తేలిగ్గా వంగేలా ఉంటాయి. అందుకే సున్నా దగ్గర కూడా కదలగలవు. ఆ వదులుతనం వల్లే కాస్త వెచ్చబడగానే చెడిపోతాయి కూడా.

ఈ పొరల చదువులో హైదరాబాదుకు పెద్ద వాటా ఉంది. సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రంలో, మనం సీసీఎంబీ అనే చోట, ఎస్. శివాజీ, ఆయన సహచరులు 1980ల నుంచి అంటార్కిటికా బ్యాక్టీరియాను పెంచి పరిశీలించారు. భారత స్థావరం మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి మొదలుపెట్టి, నేను పైన చెప్పినటువంటి నాచు చాపల దాకా ఎన్నో నమూనాల నుంచి కొత్త జాతులను గుర్తించి ప్రపంచానికి పరిచయం చేశారు. అంటార్కిటికా నీటి మడుగుల్లోని చాపల నుంచి దొరికిన సూడోమోనాస్ అంటార్కిటికా, ప్లానోకాకస్ అంటార్కిటికస్ వాటిలో ఉన్నాయి. ఆ బ్యాక్టీరియా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉండటానికి కారణమైన కెరోటినాయిడ్లు పొర మెత్తదనాన్ని అదుపులో ఉంచడంలో ఏం చేస్తాయో కూడా ఇక్కడే పరిశోధించారు. నడి వేసవిలో 42 డిగ్రీలు మండే ఊళ్లో, చల్లని ఇంక్యుబేటర్లలో ఆ దక్షిణ ధ్రువ జీవులు పెరిగాయి. తెలుగు పాఠకులకు ఈ సంగతి తెలియాల్సినంతగా తెలియలేదని నాకు అనిపిస్తుంది.

చలిని బట్టి నైట్రోజినేజ్ కూడా ఒక ఎత్తు వేస్తుంది. సాధారణంగా ఈ ఎంజైము గుండెలో ఇనుముతోపాటు మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. అజోటోబ్యాక్టర్ లాంటి కొన్ని బ్యాక్టీరియాల దగ్గర మాలిబ్డినం బదులు వెనేడియం పెట్టిన రెండో రకం కూడా ఉంది. 1988లో మిల్లర్, ఈడీ అనే ఇద్దరు ఈ రెండింటినీ చలిలో పోల్చి చూశారు. 30 డిగ్రీల దగ్గర మాలిబ్డినం రకానిదే పైచేయి. 5 డిగ్రీలకు దించితే వెనేడియం రకం దాన్ని చాలా వెనక్కి నెట్టేసింది. ఉత్తరాది చలి అడవుల్లో పెరిగే కొన్ని లైకెన్లు వెనేడియాన్ని వాడుకుంటున్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

కానీ అసలు గండం చలి కాదు, నీరు. కణం లోపలా బయటా ఏదో ఒక మూల నీరు ద్రవంగా ఉన్నంతకాలం పని సాగుతుంది. ఉప్పునీరు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు ఉప్పును బయటికి నెట్టేస్తాయి. ఆ ఉప్పంతా స్ఫటికాల మధ్య సన్నని సందుల్లో చిక్కబడి, సున్నాకు ఎంతో కింద కూడా ద్రవంగానే మిగులుతుంది. మట్టి రేణువుల చుట్టూ కూడా ఇలాగే నీటి పలుచని పొర మిగులుతుంది. బ్యాక్టీరియా ఉండేది అక్కడే. కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతపు శాశ్వత మంచునేల నుంచి తీసిన ప్లానోకాకస్ హాలోక్రయోఫిలస్ అనే బ్యాక్టీరియా ఉప్పునీటిలో మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా విభజన చెందుతూ పెరిగింది. మైనస్ 25 దగ్గర పెరగలేదు కానీ దాని శ్వాస ఆగలేదు. అలాస్కా తీరపు సముద్ర మంచు నుంచి వచ్చిన సైక్రోమోనాస్ ఇంగ్రహమీ మైనస్ 12 దగ్గర ఒకటి రెండు కావడానికి పది రోజులు తీసుకుంటుంది. మన పేగుల్లోని ఈ. కొలై అనుకూలమైన చోట ఆ పని ఇరవై నిమిషాల్లో చేస్తుంది.

ఇప్పుడు మళ్లీ టేలర్ లోయ వాగు గట్టుకు వెళ్దాం. నాస్టాక్ చాపలో ఒక చిన్న ముక్కను తడిపి సూక్ష్మదర్శిని కింద పెడితే, గుండ్రని కణాలు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా, జిగురు గుజ్జులో మెలికలు తిరిగి కనిపిస్తాయి. పదో పదిహేనో ఆకుపచ్చ కణాల తర్వాత ఒక కణం కాస్త పెద్దదిగా, పాలిపోయి, మందపాటి గోడతో ఉంటుంది. దాన్ని హెటిరోసిస్ట్ అంటారు. మిగతా కణాలు ఎండ పట్టి చక్కెర చేస్తాయి, ఆ పనిలో ఆక్సిజన్ వదులుతాయి. ఆక్సిజన్ పడదు కాబట్టి నైట్రోజినేజ్ వాటిలో ఉండలేదు. అందుకని ఈ లావుపాటి కణం ఆక్సిజన్ పుట్టించే పని మానేసింది. గోడ మందం చేసుకుని బయటి ఆక్సిజన్‌ను అడ్డుకుంది. ఇక ఎప్పటికీ విభజన చెందదు, పిల్లల్ని కనదు. పక్క కణాలు దానికి చక్కెర ఇస్తాయి, అది వాటికి నత్రజనిని అమైనో ఆమ్లంగా ఇస్తుంది. నాలుగు కణాలు కూడితే ఒక ఊరైనట్టు ఇంతటి పని పంపకం. ఇదంతా ఏడాదిలో పది నెలలు ఎండి, గడ్డకట్టి, కదలకుండా పడుండే జీవిలో ఉంది.

ఎంతకాలం అలా పడుండగలదు? దీనికి జవాబు కోసం టేలర్ లోయలో ఒక ప్రయోగం చేశారు. సుమారు ఇరవై ఏళ్లుగా నీరు పారని పాత వాగు పాయ ఒకటి అక్కడ ఉంది. 1990ల నడుమ డయాన్ మెక్‌నైట్ బృందం ఆ పాయకు అడ్డుగా చిన్న కట్ట వేసి పక్క వాగు నీటిని దాంట్లోకి మళ్లించింది. రాళ్లకు అంటుకుని ఎండిపోయిన చాపలు వారం తిరక్కుండానే ఉబ్బి, రంగు తేరి, కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టాయి. ఎక్కడినుంచో కొత్త జీవి వచ్చి పాకింది కాదు. ఇరవై ఏళ్ల కిందట అక్కడ ఎండిన చాపే మళ్లీ లేచింది. ఆ లోయ వాగుల్లో నీటి వెంట కిందికి పోయే నత్రజనిలో కొంత భాగం గట్టు మీది ఈ నల్ల చాపలు గాలి నుంచి పట్టిందేనని నత్రజని ఐసోటోపుల లెక్క చెబుతుంది.

ఇక్కడే చక్రం విడిపోవడం మొదటిసారి కంటికి కనబడుతుంది. వాగులో నాస్టాక్ ఏటీపీ ధారపోసి గాలి నత్రజనిని పట్టుకుంటోంది. అదే లోయల్లో ఎత్తున ఉన్న పొడి మట్టిలో నైట్రేట్ లవణాలు గుట్టలుగా పడున్నాయి. ఆకాశంలో రసాయన చర్యల వల్ల పుట్టిన నైట్రేట్ వేల ఏళ్లుగా ఆ నేల మీదికి రాలుతోంది. కడిగేయడానికి వాన లేదు, తినడానికి మొక్క లేదు, దాన్ని తిరిగి వాయువుగా మార్చే బ్యాక్టీరియాకు తడి లేదు. కొండ మీద నైట్రేట్ పేరుకుపోతుంటే కొండ కింద వాగు నత్రజనికి కరువు పడుతోంది. వెచ్చని దేశాల్లో ఇలాంటి దృశ్యం చాలా అరుదు, ఏ రెండు వానలకో అదంతా కలిసిపోతుంది.

ఇంతకంటే విచిత్రం ఆ లోయలోనే బానీ సరస్సులో ఉంది. పైన నాలుగు మీటర్ల దాకా ఎప్పటికీ కరగని మంచు మూత, కింద సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పెక్కిన నీరు. సరస్సుకు తూర్పు పాయ, పడమటి పాయ అని రెండు భాగాలు. మధ్యలో ఇరుకైన దారి, దాని కింద ఒక గట్టు. పై నీళ్లు కలుస్తాయి కానీ లోతు నీళ్లు కలవవు. రెండు పాయల అడుగునా ఆక్సిజన్ దాదాపు లేదు. కాబట్టి రెండింటిలోనూ వినత్రీకరణ జరగాలి, నైట్రేట్ తరిగిపోవాలి. పడమటి పాయలో అలాగే జరుగుతోంది. తూర్పు పాయ అడుగున మాత్రం నైట్రేట్, నైట్రైట్ అలాగే నిలిచి ఉన్నాయి, నైట్రస్ ఆక్సైడ్ గాలితో సమతూకంలో ఉండాల్సిన దానికి వేల రెట్లు పోగుబడింది. జాన్ ప్రిస్కూ 1990లలో ఈ కొలతలు ప్రచురించినప్పుడు సహజ నీటి వనరుల్లో అంత ఎక్కువ మోతాదు మరెక్కడా నమోదు కాలేదు.

చలి వల్లే అలా ఆగిపోయిందేమో అనిపిస్తుంది. కానీ రెండు పాయల్లో చల్లనిది పడమటిదే. టేలర్ హిమానీనదం ముక్కు నేరుగా దాంట్లోకి దిగుతుంది, దాని అడుగు నీరు సున్నా కంటే నాలుగు డిగ్రీలకు పైగా కింద ఉంటుంది. పని జరుగుతున్నది ఆ చల్లని పాయలోనే. పోనీ తూర్పు పాయలో ఆ పని చేసే బ్యాక్టీరియా లేవేమో అని బెస్ వార్డ్, ప్రిస్కూ వెతికారు. రెండు పాయల్లోనూ మారినోబ్యాక్టర్ జాతి బ్యాక్టీరియా దొరికింది. ప్రయోగశాలలో దానికి నైట్రేట్ ఇస్తే వినత్రీకరణ చేస్తుంది. పనివాళ్లున్నారు, ముడిసరుకు ఉంది, ఆక్సిజన్ అడ్డు లేదు, పని మాత్రం జరగడం లేదు. నీటిలో కరిగిన లోహాలు ఎంజైముకు తగినట్టుగా లేకపోవడం దగ్గర్నుంచి రకరకాల కారణాలు పరిశీలించారు, చిక్కుముడి ఇంకా పూర్తిగా వీడలేదు. నా దృష్టిలో ఈ చదువంతటిలో అత్యంత విలువైన పాఠం ఈ సరస్సే. ఒక చోట ఫలానా బ్యాక్టీరియా జన్యువులు దొరికాయి కాబట్టి ఫలానా పని అక్కడ జరుగుతోందని తేల్చేయడం ఎంత తొందరపాటో ఇది చూపిస్తుంది.

దీనికి ఎదురు పాఠం పక్క రైట్ లోయలో ఉంది. డాన్ హువాన్ కుంట అని చీలమండ లోతు మడుగు. నీటిలో నూటికి 40 పాళ్లకు పైగా ఉప్పు, అందులో ఎక్కువ భాగం కాల్షియం క్లోరైడ్. మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టనంత చిక్కన. దాని ఒడ్డు మట్టి నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తోంది. వినత్రీకరణ బ్యాక్టీరియా ఉన్నట్టే అనుకోవాలి. కానీ 2010లో వ్లాదిమిర్ సమార్కిన్ బృందం చూపించినదేమంటే, ఆ వాయువు పుట్టడానికి ప్రాణి అవసరమే లేదు. ఉప్పునీటిలోని నైట్రేట్, నైట్రైట్ అక్కడి నల్లరాతిలోని ఇనుముతో కలిసి తమంతట తామే ఆ వాయువును ఇస్తున్నాయి. అంగారక గ్రహం మీద ఏ వాయువు కనిపించినా జీవం ఉందని సంబరపడే ముందు ఈ కుంటను తలుచుకోవాలి.

పొడి లోయలకు దూరంగా, పశ్చిమ అంటార్కిటికాలో, 800 మీటర్ల మంచు కింద విలాన్స్ అనే సరస్సు ఉంది. 2013 జనవరిలో అమెరికన్ శాస్త్రవేత్తలు వడకట్టి, అతినీలలోహిత కాంతితో శుద్ధిచేసిన వేడి నీటిని చిమ్ముతూ రంధ్రం తొలిచి దాని దాకా చేరారు. రెండు మీటర్ల లోతు నీరు, సున్నాకు అర డిగ్రీ కింద, ఎండ ఎన్నడూ చూడని చీకటి. అందులో మిల్లీలీటరుకు సుమారు 1,30,000 కణాలు. 2014లో బ్రెంట్ క్రిస్ట్నర్ తదితరులు ప్రచురించిన వివరాలు చూస్తే వినోగ్రాడ్‌స్కీ ఎంత సంతోషించేవాడో అనిపిస్తుంది. ఎండ లేదు కాబట్టి ఆకుపచ్చదనం లేదు. అడుగు బురదలో పాతకాలపు సముద్ర జీవుల అవశేషాల నుంచి అమ్మోనియా ఊరుతోంది. దాన్ని ఆక్సీకరించే ఆర్కియా అనే సూక్ష్మజీవులు, ఆ తర్వాత నైట్రైట్‌ను ఆక్సీకరించే బ్యాక్టీరియాలు అక్కడి జనాభాలో ముఖ్యమైనవాళ్లు. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌తో కొత్త కణాలను కట్టే పని మొక్కలకు బదులు అక్కడ ఇలాంటి జీవుల మీద ఆధారపడి ఉంది. నీటిలోని నైట్రేట్ ఆకాశం నుంచి మంచుతో వచ్చింది కాదని, సరస్సులోనే తయారైందని ఆక్సిజన్ ఐసోటోపులు నిర్ధారించాయి.

ఆ నైట్రైట్ తినే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టం నైట్రోటోగా ఆర్కిటికా. దాన్ని మొదట గుర్తించింది ఎక్కడో తెలుసా? భూగోళానికి అటు కొసన, సైబీరియాలో లీనా నది డెల్టాలోని మంచునేలలో, 2007లో. నాలుగు డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది, పది డిగ్రీల దగ్గర దానికి హాయి. అందాకా నైట్రైట్ తినేవాళ్ల జాబితాలో లేని కొత్త వంశం అది. ప్రయోగశాలల్లో 28 డిగ్రీల దగ్గర పెంచడం అలవాటు కాబట్టి అప్పటివరకు ఎవరి కంటా పడలేదు. ఒకసారి గుర్తుపట్టాక మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో కూడా దొరకసాగింది.

హిమానీనదాల ఉపరితలం మీద చక్రం మరో రూపంలో ఉంటుంది. గాలికి వచ్చి పడ్డ నల్లని దుమ్ము ఎండను పీల్చి వేడెక్కి మంచులో చిన్న గుంతలు తొలుస్తుంది. గుంత అడుగున దుమ్మును దారాల్లాంటి సయనోబ్యాక్టీరియా, అంటే నాస్టాక్ వర్గపు నీలి ఆకుపచ్చ జీవులు, చుట్టి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గింజలుగా కడతాయి. చైనాలోని తియెన్ షాన్ కొండల్లో ఉరుంచి ఒకటో నంబరు హిమానీనదం మీది గింజలను జపాన్ శాస్త్రవేత్త తకాహిరో సెగావా బృందం పరిశీలించి 2014లో ప్రచురించింది. గింజ పైపొరలో ఎండ, ఆక్సిజన్ పుష్కలం, అక్కడ నత్రీకరణ. మిల్లీమీటరులో సగం లోపలికి వెళితే ఆక్సిజన్ పడిపోతుంది, అక్కడ వినత్రీకరణ. బానీ సరస్సులో కిలోమీటర్ల మేర విడిపోయిన పనులు ఇక్కడ ఆవగింజంత మట్టిలో పక్కపక్కనే ఉన్నాయి.

హిమానీనదం వెనక్కి తగ్గి కొత్త నేల బయటపడితే ముందు వచ్చేదెవరు? పెరూ ఆండీస్‌లో 5,000 మీటర్ల ఎత్తున, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నేల మీద స్టీవ్ ష్మిట్ తదితరులు చూశారు. మొక్కా నాచూ ఇంకా రాకముందే, మొదటి నాలుగైదేళ్లలోనే సయనోబ్యాక్టీరియా చేరి నత్రజని పట్టడం మొదలుపెట్టాయి. ఆ తర్వాతే మిగతావి.

సముద్రం గురించి ఒక్క మాట. చల్లని సముద్రాల్లో నత్రజని స్థాపన, అంటే గాలి నత్రజనిని పట్టే పని, జరగదని చాలాకాలం అనుకున్నారు. 2018లో ఆర్కిటిక్ నీటిలో, 2020లో అంటార్కిటికా సముద్ర మంచు కింద అది జరుగుతోందని కొలిచి చూపించారు. ఆర్కిటిక్‌లో ఆ పని చేసింది ఒక శైవలం కణంలో కాపురం ఉండే సయనోబ్యాక్టీరియా. అది ఇప్పుడు బ్యాక్టీరియా అనిపించుకోవడం మాని ఆ కణంలో అవయవంగా మారిపోయిందని 2024లో తేలింది.

ఇంతవరకు చెప్పినవన్నీ మనుషుల్లేని చోట్ల కథలు. శాశ్వత మంచునేల సంగతి అలా కాదు. ఉత్తరార్ధగోళంలో, సైబీరియాలో, అలాస్కాలో, కెనడాలో వేల ఏళ్లుగా గడ్డకట్టిన ఆ నేలలో కార్బన్‌తోపాటు నత్రజని కూడా బందీగా ఉంది. చచ్చిన మొక్కలు, జంతువులు పూర్తిగా కుళ్లకుండా నిలిచిపోయిన సరుకు అది. నేల కరిగితే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వస్తాయని అందరూ చెబుతారు. నైట్రస్ ఆక్సైడ్ గురించి చాలాకాలం లెక్కే వేయలేదు. చల్లని నేలలో నత్రజని కరువని, ఉన్న కాస్తా మొక్కలు లాగేసుకుంటాయని, బ్యాక్టీరియాకు మిగిలేది ఉండదని ధీమా.

2009లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు ఆ ధీమాను కదిలించారు. ఐరోపా రష్యా టండ్రాలో, వర్కుటా ప్రాంతంలో, మొక్క మొలవని గుండ్రని బోడి పీట్ మట్టి మచ్చలు ఉంటాయి. వాటి మీద గాలి చొరని మూతలు బోర్లించి కొలిస్తే ఎరువు వేసిన పంట పొలాల స్థాయిలో నైట్రస్ ఆక్సైడ్ వచ్చింది. అడుగు దూరంలో నాచు, పొదలు కప్పిన నేల మీద బోర్లిస్తే దాదాపు సున్నా. మట్టి ఒకటే, చలి ఒకటే. తేడా వేర్లది. మొక్క ఉన్నచోట నైట్రేట్ వేరులోకి పోతుంది, లేనిచోట బ్యాక్టీరియా చేతికి చిక్కి చివరి మెట్టుకు ముందే వాయువై ఎగిరిపోతుంది.

లీనా డెల్టాలో, నైట్రోటోగా దొరికిన ఆ ప్రాంతంలోనే, నది ఒడ్డు మంచునేల కరిగి కూలిపడుతున్న చోట మైయా మరుష్చక్ బృందం 2021లో ప్రచురించిన కొలతలు దీనికి కొనసాగింపు. అప్పుడే కరిగిన బురద నుంచి నైట్రస్ ఆక్సైడ్ పెద్దగా రాలేదు. అమ్మోనియా నిండా ఉన్నా, దాన్ని నైట్రేట్‌గా మార్చే జీవులు ఆ పాత మంచు మట్టిలో ఇంకా తగినంత లేవు. బురద ఆరి, గట్టిపడి, గాలి తగిలి, నత్రీకరణ జీవులు స్థిరపడిన పదేళ్లలోపు వాయువు జోరందుకుంది. కరిగిన మరుక్షణమే కొలిచి పర్వాలేదనుకుని వెళ్లిపోయినవాళ్లకు ఆ పెరుగుదల కనిపించదు. అందుకే ఇప్పుడు ఒకే వాలు మీద నిన్న కరిగిన చోటు, ఐదేళ్ల కిందట కరిగిన చోటు, గడ్డి పట్టిన చోటు అని విడివిడిగా గుర్తులు పెట్టి, మూతలు బోర్లించి, ఏడాది తర్వాత ఏడాది కొలవాల్సి వస్తోంది.